చెరువు బొమ్మను టేపు చుట్టలో దాచిన రోజులు

మొన్న శిఖం భూమి గొడవల ఒక తమ్ముడు "నలభై ఏండ్ల కింద నీళ్లు ఎక్కడిదాకా ఉండెనో ఎవరు చూసిండ్రే?" అన్నడు. చూసినోళ్లు ఉన్నరు తమ్మీ. మన షాద్‌నగర్ కాడ్నే రాసి కూడా పెట్టిండ్రు. కాగితం మీద కాదు, టేపు మీద.

చిన్నప్పుడు రాంనగర్‌ల మా చిన్నాయన ఇంటికి పోతే కెసెట్ ఇరికినప్పుడల్లా పెన్సిల్ పెట్టి చుట్టుడు నా పని. కంప్యూటర్ టేపుదీ అదే జాతి. ప్లాస్టిక్ పట్టీ, దాని మీద ఇనుప తుప్పు లాంటి పొడి పూత. ఆ పొడిని అయస్కాంతంతో అటో ఇటో తిప్పి అంకెలు రాస్తరు. 1951లో అమెరికాలో యూనివాక్ కంప్యూటర్‌కు లోహపు పట్టీనే వాడిండ్రు. మరుసటేడు ఐబీఎం ప్లాస్టిక్ టేపు తెచ్చింది. అర అంగుళం వెడల్పు, ఆ కొలతే శానా ఏండ్లు నడిచింది.

ఇక మన సంగతి. హైదరాబాద్‌ల జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఉండె గదా, 1979ల షాద్‌నగర్ కాడ పెద్ద గొడుగు లాంటి యాంటెన్నా పెట్టి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల బొమ్మలు పట్టుకునుడు మొదలుపెట్టింది. ఆ ఉపగ్రహాలల్ల కూడా టేపు రికార్డర్లు ఉండేవి, కానీ అవి మొరాయించేవి. అందుకే మన నేల బొమ్మ కావాలంటే అది మన నెత్తి మీదికెల్లి పోయే ఆ పది పన్నెండు నిమిషాలల్లనే దించుకోవాలె. సెకనుకు కోటిన్నర బిట్లు కురుస్తయి. వాన నీళ్లను చెరువు పట్టినట్టు దాన్ని పట్టేది టేపే. అప్పట్ల అంత సమాచారం చవగ్గ దాచే సాధనం ఇంకోటి లేదు.

తర్వాత అందులకెల్లి ఒక్కో బొమ్మను మామూలు కంప్యూటర్ చదివే చిన్న రీళ్లకు ఎక్కించి అడిగినోళ్లకు ఇచ్చేటోళ్లు. 2,400 అడుగుల రీలు, అడ్డంగ తొమ్మిది వరుసలు. ఎనిమిది అసలు సమాచారానికి, తొమ్మిదోది తప్పు పట్టనీకె. ఒక్క బొమ్మల సుమారు 3 కోట్ల అంకెలు, నేల మీద 185 కిలోమీటర్ల పొడవు వెడల్పు. నడుమ ఉన్న ఒక ఊరు కావాలన్నా టేపును మొదటికెల్లి తిప్పుకుంట పోవుడే.

1988 మార్చి 17న మన సొంత ఐఆర్‌ఎస్-1ఎ పైకి పోయినంక చూపు మెరుగైంది. ల్యాండ్‌శాట్‌ల ఒక చుక్క అంటే ఎకరంన్నర పైన, దీంట్ల మంచి కెమెరాకు 13 గుంటలు.

టేపుకు గండం తేమ. పూతను పట్టి ఉంచే బంక నీరు పీల్చి జిగటైతది, తిప్పితే పూత ఊడి వస్తది. అసొంటి టేపులను 50 డిగ్రీల దరిదాపు వేడిల పెట్టి ఆరబెట్టి, ఒక్కసారి చదివి, కొత్తదాంట్లకు దించుకుంటరు. విత్తనాలు ఎండబెట్టినట్టే. చదివే మిషన్ లేకపోతే టేపు బాగున్నా దండుగే.

శిఖం గొడవకు వస్తే ఒక మాట. పెద్ద చెరువు నీళ్లు ఆ బొమ్మలల్ల నల్లగ సాఫ్ కనబడ్తయి. మన చిన్న కుంటంటే నాలుగైదు చుక్కలే, దాంతోని గట్టు హద్దు తేల్చలేరు. వానకాలంల మబ్బు అడ్డం. అడిగితే అక్టోబర్, నవంబర్ బొమ్మలు అడగాలె, చెరువు నిండి ఉంటది, ఆకాశం తెల్లగుంటది. ల్యాండ్‌శాట్ పాతవి అమెరికోళ్లు 2008 సంది పైసలు లేకుండ ఇస్తున్నరు. మా పెద్ద చెరువుది మా పిల్లగానితోని వెతికిస్తున్న, దొరికితే ఈడనే పెడ్త.