ఇంటిల్లిపాదికిని చికిత్స

మతి చలించినవానిని ఇంటినుండి వేఱుచేసి వైద్యశాలలో నుంచుటయే చిరకాలము వాడుకగా నుండెను. అచ్చట నెమ్మదించి యింటికి వచ్చినవానికి కొన్నాళ్లకే వ్యాధి తిరుగబెట్టిన, చుట్టములు తల్లిని గాని కోడలిని గాని నిందింతురు. ఈ నింద మన యిండ్లకే చెందినది కాదు. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ అను వైద్యురాలు, చిత్తభ్రంశమునకు తల్లి ప్రవర్తనము హేతువను భావమును అమెరికా వైద్యలోకమున ప్రవేశపెట్టెను. తరువాతి పరిశోధనలు ఆ మాటను నిలువనీయలేదు. కాని యీలోగా నెందఱు తల్లులు కుమిలిరో!

1954లో మఱ్ఱే బోవెన్ అను వైద్యుడు, వాషింగ్టను చేరువనున్న బెథెస్డాలోని జాతీయ మానసికారోగ్య సంస్థయందు, రోగులతోపాటు తల్లులను గూడ నుంచి చూడసాగెను. తల్లీబిడ్డలను మాత్రమే చూచిన చాలదని తోచి, పిమ్మట తండ్రులను, తోబుట్టువులను సైతము చేర్చుకొనెను. 1959 వఱకు జరిగిన యీ పనినుండి ఆయన గ్రహించిన దొకటి మన పాఠకురాండ్రకు మిక్కిలి పరిచితమే. ఇద్దఱి నడుమ పొరపొచ్చము పెరిగినపుడు వారు మూడవవానిని లోనికి లాగుదురు. అత్తకు కోడలిపై కినుక. కోడలికి అత్తపై కినుక. ఇరువురును చేరునది కొడుకు చెవినే. అతడు ఒకరివైపు మొగ్గిన రెండవవారు మండిపడుదురు. వీధి యరుగు నాశ్రయించిన ఇద్దఱును మండిపడుదురు. బోవెన్ చెప్పిన యుపాయ మేమనగా, మూడవవాడు ఇద్దఱితోను మాటలు మానక, ఎవరి పక్షమును వహింపక, తన చిత్తమును తాను నిలుపుకొనుట. అట్లు ఒక్కడు మారినను తక్కినవారి నడవడి మాఱక తప్పదని యాయన మతము. మాకిది మందుకంటె కష్టమైన పథ్యముగా దోచుచున్నది.

ఫిలడెల్ఫియాలో సాల్వడార్ మినూచిన్ మఱియొక త్రోవ త్రొక్కెను. ఆయన కుటుంబమును ఎదుట గూర్చుండబెట్టి, ఎవరు ఎవరిప్రక్క జేరిరో చూచి, ఆసనములనే మార్పించెడివాడు.

అయితే ఇంటిలో కొట్టువానికిని దెబ్బలు తినుదానికిని తప్పును సమముగ పంచు వైద్యమును మే మంగీకరింపము. 1980 తరువాత స్త్రీవాదులు ఈ లోపమును గట్టిగా నెత్తిచూపిరి.

మన దేశమున, బోవెన్ ప్రయోగము జరిగిన దశకమునందే, అమృతసర మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ ఆవరణమున గుడారములు వేయించి, బంధువులను రోగులతోనే యుండనిచ్చెను. అచ్చట తల్లిని ముద్దాయిగా గాక, శుశ్రూషలో సహాయురాలిగా జూచిరి.