సీతాఫల్‌మండి: పేరు వెనక ఊరు

హవాయి దీవుల్లో మౌనా లోవా అంటే పొడవాటి కొండ, మౌనా కేయా అంటే తెల్లకొండ. రెండూ అగ్నిపర్వతాలే. రెండోదాని శిఖరాన చలికాలంలో మంచు పడుతుంది. అక్కడివాళ్లు కంటికి కనబడిందే పేరుగా పెట్టుకున్నారు.

సికింద్రాబాద్‌లో పాత పేర్ల తీరూ అంతే. సీతాఫల్‌మండి చుట్టుపక్కల నామాలగుండు, మైలార్‌గడ్డ, పార్సీగుట్ట. అన్నీ రాళ్లూ రప్పలే. ఇక్కడి రాయి హవాయిలోలా లావా కాదు, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. లావా పరచిన నల్లరాయి కావాలంటే వికారాబాద్ వైపు పోవాలి.

ఇలాంటి రాళ్ల సందుల్లో నీళ్లు పోసే దిక్కులేకున్నా సీతాఫలం చెట్టు కాస్తుంది. వానలు వెనకబట్టాక, దసరా దీపావళి రోజుల్లో పండు దిగుతుంది. కళ్లు విచ్చుకుని, నడుమ గీతలు తెల్లబడితే కోతకొచ్చినట్టే. కోశాక నాలుగు రోజులు ఆగదు. ఎక్కువ దూరం మోయలేని సరుకు కాబట్టి ఊరి అంచునే మండి కావాలి. ఆ అమ్మకమే ఇక్కడ పేరై నిలిచింది.

సీతమ్మ పేరున్నా పండు మనది కాదు, అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలది. భర్హుత్ బౌద్ధ స్తూపం శిల్పాల్లో ఇదే కనబడుతోందని పురావస్తు పరిశోధకుడు కనింగ్‌హామ్ వాదించాడు గానీ, వృక్షశాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. ఉత్తరాదిన దీన్ని శరీఫా అంటారు. ఉర్దూ ఏలిన నిజాం రాజ్యంలో మాత్రం సీతాఫలమే నిలిచింది. నాకైతే ఈ పేరులో అన్నిటికన్నా ముచ్చటైన సంగతి అదే.

ఇక సికింద్రాబాద్ చరిత్ర. నిజాంతో కుదిరిన 1798 ఒప్పందంతో ఇంగ్లిష్ పటాలం హుస్సేన్‌సాగర్ అవతల దిగింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు ఊరికి పడింది. అయినా జనం నోట అది లష్కరే, అంటే పటాలం దిగిన చోటే; ఇప్పటికీ ఆషాఢంలో లష్కర్ బోనాలే. 1874లో రైలొచ్చింది. దొరలు పోయాక జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డయింది, కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయింది. సీతాఫల్‌మండి జోలికి ఎవరూ పోలేదు. అందులో మార్చడానికి దొరా లేడు, నవాబూ లేడు. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు ఫలక్‌నుమా దారిలో ఈ పేరున్న స్టేషన్లోనే ఆగుతున్నాయి. పండ్ల టోకు బేరం మాత్రం గడ్డిఅన్నారం మీదుగా బాటసింగారం చేరింది.