కలుపు మందు డబ్బాపై 'ఎస్టర్' అని ఉంటే ఏమిటి? పత్తి, మిరప పక్కన 2,4-డి కొట్టే రైతులకు

మీ వరి మడికి గానీ, మొక్కజొన్న చేనుకు గానీ ఆనుకుని పత్తి, మిరప ఉంటే, వెడల్పాకు కలుపుకు 2,4-డి కొనే ముందు డబ్బాపై పేరు మొత్తం చదవండి. ఇది సోడియం సాల్ట్ 80 శాతం పొడిగా, ఎమైన్ సాల్ట్ 58 శాతం ద్రావణంగా, ఇథైల్ ఎస్టర్ 38 శాతం ఈసీగా దొరుకుతుంది. కలుపును చంపే అసలు మందు మూడింటిలోనూ ఒకటే. పక్క చేనుకు వచ్చే ముప్పు మాత్రం పేరులోని చివరి మాటను బట్టి మారుతుంది.

ఒక ఆమ్లం, ఒక ఆల్కహాల్ కలిసి, మధ్యలో నీటిని వదిలేస్తే ఏర్పడేదే ఎస్టర్. ఈ పేరు పెట్టింది 1848లో లియోపోల్డ్ గ్మెలిన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. మాట కొత్తదే గానీ వస్తువు మనకు కొత్త కాదు. భద్రాచలం ఏజెన్సీ ఊళ్లలో ఇప్పగింజల నుంచి తీసే నూనె కూడా ఎస్టరే. ఆ నూనెలో కాస్టిక్ సోడా వేసి కాస్తే ఎస్టర్ విడిపోయి, అందులోని ఆమ్లం సోడియంతో కలిసి సబ్బు అవుతుంది. నూనె నీళ్లలో కలవదు, సబ్బు కరుగుతుంది. 2,4-డి ఎస్టర్‌కూ, సోడియం సాల్ట్‌కూ ఉన్న తేడా అలాంటిదే.

లేబుల్ చిరిగిపోయిన డబ్బా ఇంట్లో ఉంటే దాన్ని వాడకపోవడమే మంచిది. అయినా గుర్తు తెలిసి ఉండాలి: ఎస్టర్ మందును నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడుతుంది, ఎమైన్ సాల్ట్ తెల్లబడకుండా కరిగిపోతుంది.

మరి ఎస్టర్‌గా ఎందుకు తయారు చేశారు? కలుపు ఆకు మీద మైనం పొర ఉంటుంది. నూనె స్వభావం ఉన్న మందు ఆ పొరను త్వరగా దాటుతుంది, కొట్టిన తర్వాత వాన పడినా తొందరగా కడుక్కుపోదు. లోపలికి వెళ్లాక మొక్కే దాన్ని విడగొట్టి మళ్లీ ఆమ్లంగా మారుస్తుంది. చంపేది ఆ ఆమ్లమే. పనితనంలో ఎస్టర్‌కు వంక పెట్టలేం.

చిక్కు వేరే చోట ఉంది. చిన్న ఎస్టర్లు గాలిలోకి ఆవిరవుతాయి. పండిన అరటిపండు వాసన గది అంతా వచ్చేది ఇలాంటి ఎస్టర్ వల్లే. ఇప్పనూనె అణువు పెద్దది కాబట్టి ఎగరదు. 2,4-డి ఇథైల్ ఎస్టర్ ఎగురుతుంది. ఎండ ఎక్కువైతే ఇంకా ఎగురుతుంది. మీరు గాలి లేనప్పుడు జాగ్రత్తగా కొట్టి ఇంటికి వచ్చినా, ఆ తర్వాత ఎండకు ఆకుల మీద నుంచి లేచిన ఆవిరి పక్క చేనుకు చేరుతుంది. పత్తికి చాలా కొద్దిపాటి మోతాదు చాలు.

దెబ్బ తిన్న పత్తిలో కొత్త ఆకులు సన్నగా, వేళ్లలా చీలి బెండ ఆకుల్లా వస్తాయి, ఈనెలు దగ్గరవుతాయి. ముదురు ఆకులు బాగానే ఉంటాయి. దీన్ని వైరస్ అనుకుని పురుగు మందులు కొట్టి డబ్బు పోగొట్టుకున్న రైతులను నేను చూశాను. చేను గట్టు వెంట నడిచి చూడండి: మందు కొట్టిన వైపు ఎక్కువగా, లోపలికి పోయే కొద్దీ తక్కువగా ఉంటే అది గాలికి వచ్చిన 2,4-డి. వైరస్ అయితే మొక్కలు అక్కడక్కడా కనిపిస్తాయి.

విరుగుడు మందు లేదు. దెబ్బ తక్కువైతే వంకర తిరిగిన చిగుళ్లు తుంచి, తడి ఇచ్చి, 2 శాతం యూరియా (లీటరుకు 20 గ్రాములు) పిచికారీ చేస్తే కొత్త చిగురు మామూలుగా వస్తుంది.

పక్కన పత్తి, మిరప, కూరగాయలు ఉన్నచోట ఎస్టర్ జోలికి పోవద్దు. నన్నడిగితే అక్కడ 2,4-డి ఏ రూపంలోనూ వద్దంటాను; సాల్ట్ ఆవిరి కాకపోయినా తుంపర గాలికి పడుతుంది. వరిలో బిస్‌పైరిబాక్ సోడియం, మొక్కజొన్నలో టెంబోట్రయాన్ లాంటివి లేబుల్‌పై రాసిన మోతాదులో, రాసిన సమయంలో వాడుకోవచ్చు. వాటి తుంపర కూడా పత్తి మీద పడకూడదు.

పంపు సంగతి చాలామంది మరిచిపోతారు. ఎస్టర్ ట్యాంకు గోడలకూ, రబ్బరు గొట్టానికీ అంటుకుని ఉంటుంది. ఉత్త నీళ్లతో కడిగితే పోదు. తర్వాత అదే పంపుతో పత్తికి ఈసీ పురుగు మందు కొడితే, అందులోని ద్రావకం దాన్ని కరిగించి బయటికి తెస్తుంది. కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోండి. కొనే స్తోమత లేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి పెట్టుకోండి.

ఎస్టర్ అన్న మాట చూసి ప్రతి మందుకూ భయపడనవసరం లేదు. పత్తిలో గడ్డికి కొట్టే క్విజలోఫాప్ ఇథైల్ కూడా ఎస్టరే, కానీ అది గడ్డి జాతిని తప్ప పత్తిని ఏమీ చేయదు. ఎస్టర్ అన్నది తొడుగు మాత్రమే, లోపల ఏ ఆమ్లం ఉందన్నది చూడాలి.

కొన్నప్పుడు బిల్లు తీసుకోండి, అందులో మందు పేరు రూపంతో సహా రాయించండి. పంట దెబ్బతింటే ఆ బిల్లు, డబ్బా, రెండు మూడు కొమ్మలు తీసుకుని మీ ఏఈఓ దగ్గరికి గానీ, వైరా లేదా కొత్తగూడెం కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ వాడిపోకముందే వెళ్లండి.