తండ్రి గడిలో ఎవరి పేరు?

అక్కలూ, చెల్లెళ్లూ, మా మెటర్నిటీ వార్డులో ప్రసవం అయ్యాక బర్త్ సర్టిఫికెట్ ఫారం నింపిస్తాం. పెళ్లైన ఆవిడైతే తండ్రి గడిలో భర్త పేరే. పెళ్లి కాని జంటైతే ఇద్దరూ వేరే కాగితం మీద సంతకం పెట్టాలి. "రక్తం ఎవరిది?" అని మేము అడగం. చట్టం కూడా చాలాకాలం అడగలేదని ఈ కేసు చదివాకే నాకు తెలిసింది.

కాలిఫోర్నియాలో కాపురం పెట్టిన ఒక జంటకి 1976లో పెళ్లైంది. తర్వాత భార్యకి పొరుగింటాయనతో సంబంధం ఏర్పడింది. 1981 మేలో పాప పుట్టింది. సర్టిఫికెట్‌లో భర్త పేరే రాశారు. ఆ అక్టోబరులో రక్త పరీక్ష చేయిస్తే పొరుగింటాయనే తండ్రి అయ్యే అవకాశం 98.07 శాతం అని వచ్చింది. తల్లీ పాపా కొంతకాలం ఆయన దగ్గరా, కొంతకాలం భర్త దగ్గరా ఉన్నారు. పాపని తన కూతురనే ఆయన అందరికీ చెప్పుకున్నాడు. 1982 నవంబరులో కోర్టుకెళ్లాడు. 1984లో భార్యాభర్తలు మళ్లీ కలిసిపోయారు.

అక్కడే ఆయనకి దారి మూసుకుపోయింది. భర్తతో కాపురం చేస్తున్న భార్యకి పుట్టిన బిడ్డ, భర్తకి పిల్లలు పుట్టే అవకాశమే లేకపోతే తప్ప, భర్త బిడ్డే అని అప్పటి కాలిఫోర్నియా చట్టం. దాన్ని రక్త పరీక్షతో కాదనాలంటే రెండేళ్లలోపు భర్తో, కొన్ని షరతుల మీద భార్యో అడగాలి. మూడో మనిషికి ఆ హక్కు లేదు.

మైకేల్ హెచ్. వర్సెస్ జెరాల్డ్ డి. పేరుతో అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1989 జూన్ 15న 5-4తో ఆయన ఓడిపోయాడు. పెళ్లితో ఏర్పడిన కుటుంబాన్ని కాపాడటమే ఈ దేశ సంప్రదాయమని జస్టిస్ స్కాలియా రాశారు. రక్తసంబంధం ఉండి, బిడ్డని దగ్గరికి తీసుకున్న మనిషి మాట కనీసం వినాలి కదా అని జస్టిస్ బ్రెన్నన్ విభేదించారు. పెళ్లి కాని తండ్రి మాట వినకుండా పిల్లల్ని తీసుకోకూడదని 1972లో స్టాన్లీ కేసులో ఇదే కోర్టు చెప్పింది. అయితే అక్కడ మధ్యలో ఇంకో భర్త లేడు.

నా మనసు ఆగింది పాప దగ్గర. ఇద్దరు తండ్రులతోనూ బంధం ఉండనివ్వమని పాప తరఫున విడిగా అడిగారు. అదీ కుదరదన్నారు.

మన దేశంలోనూ ఇదే దారి. 1872 సాక్ష్య చట్టం 112వ సెక్షన్ ప్రకారం కాపురంలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డే. ఆ కాలంలో భార్యాభర్తలు కలిసే వీలే లేదని రుజువైతేనే మినహాయింపు. ఇప్పటి కొత్త చట్టంలో అది 116వ సెక్షన్. మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నర్‌గా చేసిన ఎన్.డి. తివారీ గుర్తున్నారా? రోహిత్ శేఖర్ తల్లికి అప్పట్లో వేరే భర్త ఉన్నా, తివారీయే తన కన్నతండ్రి అని రోహిత్ ఢిల్లీ హైకోర్టులో పోరాడాడు. 2012లో డీఎన్ఏ ఫలితం ఆ మాట నిజమని తేల్చింది. అక్కడ అడిగింది కొడుకు. ఇక్కడ అడిగింది తండ్రి.

ఈ నియమానికి ఒక మంచి కారణం ఉందని ఒప్పుకోవాలి. పూర్వం అక్రమ సంతానం అన్న ముద్ర పడితే బిడ్డకి ఆస్తీ పోయేది, పరువూ పోయేది. ఆ ముద్ర పడకుండా కాపాడిన గోడే ఇది. అదే గోడ కన్న తండ్రిని బయట నిలబెట్టింది.

కాలిఫోర్నియాయే తర్వాత మారింది. ఇద్దరినే తల్లిదండ్రులుగా గుర్తిస్తే బిడ్డకి నష్టమనుకుంటే, కోర్టు ముగ్గురిని కూడా గుర్తించవచ్చని 2014 నుంచి అక్కడ చట్టం. అన్ని రాష్ట్రాల్లో అలా లేదు. గడువులు కూడా రాష్ట్రాన్ని బట్టి మారతాయి. మనవాళ్లెవరికైనా ఇలాంటి చిక్కు వస్తే గ్రూపులో అడిగి ఊరుకోకండి, వెంటనే ఫ్యామిలీ లాయర్‌ని కలవమనండి. గడువు దాటితే నిజం చేతిలో ఉన్నా పనికిరాకపోవచ్చు.

ఆ గడి దగ్గర పెన్ను ఆపేసి కూర్చున్న ఒక తల్లిని చూశాను ఒకసారి. నేనేమీ అడగలేదు. కాసేపు పాపని ఎత్తుకుని పక్కన నిలబడ్డాను, అంతే.