నేర సాక్ష్యం: కొల్లేరు నీటి నుంచి కోర్టు బోను దాకా

నేరం జరిగిందా, జరిగితే చేసింది ఎవరు అన్నది న్యాయస్థానం నమ్మడానికి ఆధారమయ్యే మాట, కాగితం, వస్తువు, కంప్యూటర్ రికార్డు అన్నిటినీ కలిపి సాక్ష్యం అంటారు. మన దేశంలో దీనికి 1872 సెప్టెంబరు 1 నుంచి జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రాసిన సాక్ష్య చట్టం ఉండేది. 2024 జూలై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం నడుస్తోంది. సెక్షన్ల అంకెలు మారాయి గాని లోపలి సూత్రాలు చాలావరకు పాతవే.

చట్టం నిర్వచనంలో సాక్ష్యం రెండే రకాలు: నోటి సాక్ష్యం, పత్ర సాక్ష్యం. ఎలక్ట్రానిక్ రికార్డు కూడా పత్రం కిందికే వస్తుంది. రక్తపు మరకల కత్తి, తెగిన తాడు, చెరువులో తేలిన చెప్పు ఈ రెండిటిలోనూ చేరవు. కోర్టులో వాటికి ఎం.ఓ.-1, ఎం.ఓ.-2 (మెటీరియల్ ఆబ్జెక్ట్) అని చీటీలు కడతారు. వాటి సంగతి మాత్రం ఎవరో ఒక మనిషి బోనెక్కి చెప్పాల్సిందే. ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకపోతే, ఎంత గొప్ప ఆధారమైనా ఉత్త వస్తువుగా మిగిలిపోతుంది.

నీటిలో దొరికే ఆధారం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు దిగుతాయి. ఆ నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. లంక గ్రామాలు, చేపల చెరువులు, కాలువలు అల్లుకుపోయిన ఈ సీమలో దర్యాప్తు అధికారికి మొదటి చిక్కు నీరే. గట్టు మీది అడుగుజాడలను వాన చెరిపేస్తుంది. శవాన్ని గుర్రపుడెక్క కప్పేస్తుంది. ఎండకు వేడెక్కిన నీటిలో శరీరం త్వరగా చెడిపోతుంది, ముఖాన్ని చేపలు కొరికేస్తాయి. శవం ఒక ఊరి హద్దులో నీటిలో పడి మరో ఊరి హద్దులో తేలవచ్చు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడేదాకా కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య చీలి ఉండేది. ఇప్పుడు కైకలూరు, మండవల్లి కూడా ఏలూరు జిల్లాలోనే ఉన్నాయి. హద్దు ఎవరిదన్న వాదన తేలేదాకా ఆగనక్కర లేకుండా, ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాసే వీలును కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత స్పష్టంగా కల్పించింది.

నీటిలో దొరికిన శవం గురించి మొదటి ప్రశ్న ఒకటే: మనిషి మునిగి చనిపోయాడా, చంపి నీటిలో వేశారా? దీనికి ఉపయోగపడే పరీక్షల్లో ఒకటి డయాటమ్ పరీక్ష. డయాటమ్‌లు కంటికి కనిపించని నాచు జీవులు. వాటి పైపెంకు సిలికాతో తయారవుతుంది కాబట్టి నైట్రిక్ ఆమ్లంలో ఉడికించినా కరగదు. ప్రాణంతో మునిగిన మనిషి ఊపిరితిత్తుల్లోకి నీటితో పాటు అవీ చేరతాయి. గుండె ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి రక్తంలో కలిసి ఎముక మజ్జ దాకా వెళతాయి. చనిపోయాక నీటిలో వేసిన శరీరంలో రక్తం తిరగదు, కనుక మజ్జలోకి అవి చేరే దారి ఉండదు. అందుకే శవం దొరికిన చోటి నీటిని కూడా సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపాలి. కొల్లేరు మంచినీరు, ఉప్పుటేరు ఉప్పు కలిసిన నీరు, ఎరువు వేసిన చేపల చెరువు నీరు ఒక్కటి కాదు; ఒక్కోదానిలో పెరిగే డయాటమ్ జాతులు వేరు. మజ్జలోని జాతులు శవం తేలిన చోటి నీటితో కలవకపోతే మనిషి మునిగింది మరెక్కడోనని అనుమానించాల్సి వస్తుంది. ఈ పరీక్ష ఒక్కదానితోనే తీర్పు చెప్పకూడదని నిపుణులే అంటారు. మిగిలిన ఆధారాలకు తోడుగా మాత్రం దాని విలువ గట్టిది. శవాన్ని ఒడ్డుకు చేర్చే హడావిడిలో ఆ నీళ్ళ సీసా మరిచిపోతే మళ్ళీ పట్టడానికి ఉండదు, ఎందుకంటే వారం తిరిగేసరికి చెరువు నీరే మారిపోతుంది.

నీటిలో పడ్డ వస్తువు మీద వేలిముద్రలు పూర్తిగా పోతాయన్న నమ్మకం నిజం కాదు. చర్మపు జిడ్డుతో పడిన ముద్ర తడిసినా కొంతకాలం నిలుస్తుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి కలిపిన ద్రవం చల్లితే అది పైకి కనిపిస్తుంది. తడి బట్టలను మాత్రం ప్లాస్టిక్ సంచిలో కుక్కకూడదు. నీడలో ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. లేకపోతే బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది.

మధ్యవర్తుల నివేదిక

ఆంధ్ర ప్రాంతపు కేసు డైరీల్లో తరచు కనిపించే మాట మధ్యవర్తుల నివేదిక. శవ పంచనామా, సోదా, స్వాధీనం జరిగేటప్పుడు ఊరి పెద్దమనుషులు ఇద్దరిని పక్కన నిలబెట్టి, చూసింది రాయించి, సంతకాలు పెట్టిస్తారు. ఒకప్పుడు ఆ చోట మునసబు, కరణం ఉండేవారు. 1984లో ఆ వంశపారంపర్య పదవులు రద్దయ్యాక గ్రామ పరిపాలనాధికారులు, తరువాత వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు) ఆ పని చేస్తున్నారు. నిందితుడు భయపడి వీఆర్వో దగ్గరికి వెళ్ళి నేరం ఒప్పుకున్నాడని, ఆయన వెంటబెట్టుకుని స్టేషన్‌కు తీసుకువచ్చాడని చెప్పే కేసులు మన ప్రాంతంలో ఎన్నో కనిపిస్తాయి. దీన్ని న్యాయేతర ఒప్పుకోలు అంటారు. పోలీసు ముందు చేసింది కాదు కనుక చట్టం దాన్ని అనుమతిస్తుంది. అయినా ముక్కూ ముఖం తెలియని అధికారికి ఒక మనిషి తన ప్రాణం మీదికి వచ్చే రహస్యం ఎందుకు చెబుతాడని న్యాయమూర్తులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది.

సంతకం పెట్టిన మధ్యవర్తి కోర్టులో తెల్లకాగితం మీద పెట్టించారని అనడం ఒక పాత జబ్బు. దాన్ని తగ్గించడానికే సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ఏడేళ్ళు, అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేర స్థలానికి రావాలని 176వ సెక్షన్ నిర్దేశిస్తోంది. నేర స్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ మన పోలీసుల్లో అంతకు ముందు నుంచే ఉంది.

గడ్డివాములోని బల్లెం, రైల్లోని పెట్టె

సాక్ష్య చట్టం చదివే ప్రతి భారతీయ విద్యార్థీ నేర్చుకునే రెండు సూత్రాలు తెలుగు నేల మీది మనుషుల నోటి నుంచి వచ్చినవే. తెలుగువారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

మొదటిది పులుకూరి కోటయ్య కేసు. పల్నాడులోని పులిపాడు చెరువు దగ్గర జరిగిన హత్య అది. గుంటూరు సెషన్స్ కోర్టు, మద్రాసు హైకోర్టు దాటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. కాని నిందితుడు చెప్పిన మాటను బట్టి ఒక విషయం బయటపడితే, దానికి సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. ఈ కేసులో ఒక నిందితుడు కాపు కాసి కొట్టి చంపిన తీరు అంతా చెప్పి, బల్లేన్ని ఊళ్ళో ఒకరి గడ్డివాములో దాచానని, వస్తే చూపిస్తానని అన్నాడు. 1946 డిసెంబరులో ప్రివీ కౌన్సిల్ ఆ మాటను రెండుగా కోసింది. దాచాను, చూపిస్తాను అన్నంత వరకే సాక్ష్యం. కొట్టి చంపాము అన్నది కాదు. బయటపడిన విషయం అంటే బల్లెం ఒక్కటే కాదని, అది ఉన్న చోటు, ఆ చోటు నిందితుడికి తెలుసునన్న సంగతి కూడానని వివరించింది. ఆ సూత్రమే నేటి అధినియమంలో 23వ సెక్షన్ కింద జీవించి ఉంది. ఈ కోత లేకపోతే, ఏదో ఒక వస్తువు దొరికిందని చూపించి స్టేషన్లో రాయించిన ఒప్పుకోలు మొత్తాన్ని కోర్టులోకి తేవచ్చు. లాఠీకి అంతకు మించిన ఆహ్వానం ఉండదు.

రెండోది పాకాల నారాయణస్వామి కేసు. 1937 మార్చి 23న పూరీ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలో ఎవరూ తీసుకోని ఉక్కు ట్రంకు ఒకటి దొరికింది. అందులో ఏడు ముక్కలుగా కోసిన శవం ఉంది. చనిపోయిన వ్యక్తి పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా పనిచేసినవాడు. తనకు రావలసిన అప్పు తెచ్చుకోవడానికి బరంపురం వెళుతున్నానని, రమ్మని ఉత్తరం వచ్చిందని బయలుదేరే ముందు భార్యతో చెప్పాడు. ఆ మాటను ఆమె కోర్టులో చెప్పవచ్చా? విన్న మాట చెల్లదన్నది సాధారణ నియమం. మరణ వాంగ్మూలం దానికి మినహాయింపు. ఇంగ్లండు నియమం ప్రకారం ఆ మినహాయింపు వర్తించాలంటే చెప్పిన మనిషి చావు ముంచుకొచ్చిందని తెలిసి చెప్పాలి. ఈయన మాత్రం అప్పు వసూలవుతుందన్న ఆశతో ఇంటి నుంచి వెళ్ళాడు. 1939 జనవరిలో లార్డ్ అట్కిన్ రాసిన తీర్పు ఆ మాట చెల్లుతుందని చెప్పింది. మన చట్టంలో చావు భయం షరతు లేదని, మరణానికి దారితీసిన సంఘటనల గొలుసులో ఆ మాట ఒక లంకె అయితే చాలని తేల్చింది. ఒప్పుకోలు అంటే నేరాన్నో, నేరానికి సంబంధించిన అసలు సంగతులన్నిటినో అంగీకరించడమేనని కూడా ఆ తీర్పే నిర్వచించింది. బరంపురంలో ట్రంకు కొన్న తీరు నుంచి ప్రతి లంకెనూ విడివిడిగా రుజువు చేశారు. నిందితుడు నారాయణస్వామి అప్పీలు వీగిపోయింది. వాకిట్లో భర్త చెప్పి వెళ్ళిన మాటను ఆమె మరిచిపోకుండా పట్టుకుంది. దేశం మొత్తానికి ఒక న్యాయ సూత్రం అందులోంచి పుట్టింది.

ఆసుపత్రి మంచం మీద ఇచ్చే మరణ వాంగ్మూలాన్ని సాధారణంగా మేజిస్ట్రేటు నమోదు చేస్తారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో, చెప్పే స్థితిలో రోగి ఉన్నట్టు డాక్టరు ధ్రువీకరణ లేకపోతే నమ్మరాదని 1999లో సుప్రీంకోర్టు అంది. 2002లో లక్ష్మణ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. రాసుకున్న మేజిస్ట్రేటుకు నమ్మకం కలిగితే సర్టిఫికెట్ లేదన్న ఒక్క కారణంతో దాన్ని పారేయకూడదని చెప్పింది.

విషం

విషం కేసులో పోస్టుమార్టం చేసే డాక్టరు కడుపు, కాలేయం, మూత్రపిండాల భాగాలను తీసి, సాధారణంగా ఉప్పు బాగా కరిగిన నీటిలో ఉంచి, సీలు వేసి ప్రయోగశాలకు పంపుతారు. దాన్నే విసెరా అంటారు. ఈ ఒక్క సీసా లేకపోతే ఏమవుతుందో ఏలూరు చూసింది. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. 2018 ఫిబ్రవరి నుంచి దాదాపు 20 నెలల్లో కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో పది మందికి ప్రసాదంలో సైనైడ్ కలిపి పెట్టి, డబ్బు, బంగారం తీసుకుపోయాడన్నది ఆరోపణ. ఆ ఏడాది అక్టోబరులో ఏలూరులో ఒక ఉపాధ్యాయుడు చనిపోయినప్పుడు ఇంటివారికి అనుమానం కలిగింది. శవపరీక్ష జరిగింది, ఫోన్ కాల్ రికార్డులు లాగారు. అంతకు ముందరి చావుల్లో కొన్ని గుండెపోటు లెక్కలోకి వెళ్ళిపోయాయి. దహనమైపోయిన శరీరం నుంచి విషాన్ని ఏ ప్రయోగశాలా తీయలేదు. అలాంటి చావుల్లో మిగిలేవి చివరిసారి ఎవరితో కనిపించాడు, ఎవరితో మాట్లాడాడు, పోయిన నగ ఎవరి దగ్గర తేలింది అన్న పరిస్థితుల సాక్ష్యాలే.

పరిస్థితుల సాక్ష్యానికి కొలబద్దను 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు అయిదు సూత్రాలుగా ఇచ్చింది. గొలుసులో ప్రతి లంకె రుజువు కావాలి. ఆ గొలుసు నిందితుడి నేరం తప్ప మరో అర్థానికి చోటివ్వకూడదు.

కళ్ళతో చూసినవారు

ఎందరు సాక్షులు ఉండాలన్న లెక్క చట్టంలో లేదు. నమ్మదగిన సాక్షి ఒక్కరైనా చాలు. ఊరంతా చూసిన నేరం కూడా నిలబడకపోవచ్చు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, కొందరిని గోనె సంచుల్లో కట్టి కాలువలో పడేశారు. బాధితుల కోరిక మీద ప్రత్యేక కోర్టును ఆ ఊళ్ళోనే పెట్టారు. 2007 జూలై 31న అది 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. సాక్షులు చెప్పినదానిలోని తేడాలు ఆ తీర్పులో పెద్ద కారణం. ప్రాణభయంతో పొలాల వెంట పరుగెత్తిన మనుషులు ఏళ్ళు గడిచాక ఏ దెబ్బ ఎవరు ఎప్పుడు కొట్టారో వరసగా చెప్పాలని చట్టం కోరుతుంది. అనుమానపు లాభం నిందితుడిదేనన్న సూత్రాన్ని నేను కాదనను. విచారణ పదహారేళ్ళు సాగితే తడబడేది సాక్షి జ్ఞాపకం కాదు, మన వ్యవస్థే అని మాత్రం ఇక్కడ రాయక తప్పదు.

కెమెరా, ఉపగ్రహం

సీసీ కెమెరా దృశ్యాలు, కాల్ రికార్డులు చెల్లాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. ఆ ధ్రువపత్రంలో రికార్డు నుంచి లెక్కకట్టిన హ్యాష్ విలువ అనే అంకె కూడా రాయాలి. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోతుంది. కొల్లేరులో ఈ సాక్ష్యానికి మరో ఉపయోగం ఉంది. 1999లో +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు పెద్ద ఎత్తున కొట్టేశారు. ఒక గట్టు అభయారణ్యం లోపల ఉందా, ఎప్పుడు వేశారు అన్నది కంటి సాక్షి తేల్చే విషయం కాదు. సర్వే లెక్క, గ్రామ పటం, ఏడాదికేడాది ఉపగ్రహ చిత్రం పక్కపక్కన పెట్టి చూడాలి.

దాచిన చోట పోయిన సాక్ష్యం

2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక విద్యార్థిని హాస్టల్లోనే హత్యకు గురైంది. 2010లో విజయవాడ కోర్టు ఒక యువకుడికి యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి అతను సుమారు ఎనిమిదేళ్ళు జైల్లో గడిపాడు. మళ్ళీ దర్యాప్తు మొదలుపెట్టబోతే, అప్పీలు నడుస్తుండగానే కింది కోర్టులో భద్రపరచవలసిన కేసు ప్రాపర్టీని ధ్వంసం చేశారని తేలింది. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. పరీక్షించడానికి పాత వస్తువులు లేకపోవడంతో, 2019 డిసెంబరులో తెనాలి శ్మశానంలో ఆ అమ్మాయి సమాధిని తవ్వి, పన్నెండేళ్ళ నాటి ఎముకల నుంచి నమూనాలు తీశారు.