ఆకలి ముందు షరతు పెట్టకూడదు: గోదావరి సీమ కరువులు, క్రైస్తవ సహాయం, మనం నేర్చుకోవలసింది



గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ మన కుర్రాళ్లు చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వైపు బియ్యం మూటలు మోసుకు వెళ్తుంటారు. ఆ మూటతో పాటు ఒక ప్రశ్న కూడా గూడేనికి చేరుతుంది. ఇది ఎవరు పంపారు? చర్చి వాళ్లా, గుడి వాళ్లా, పార్టీ వాళ్లా? తీసుకుంటే రేపు మనల్ని ఏమడుగుతారు? మన గూడేల్లో కొన్ని ఇళ్లు భూమి పండుగ చేస్తాయి, కొన్ని ఇళ్లు ఆదివారం ప్రార్థనకు వెళ్తాయి. అందువల్ల ఈ ప్రశ్న అన్నదమ్ముల మధ్య కూడా చిచ్చు పెడుతోంది. ఇది కొత్త ప్రశ్న కాదు. మన ప్రాంత చరిత్రలో దీనికి ఒక జవాబు ఉంది. దాన్ని మీ ముందు పెట్టాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఈ రోజు అన్నపూర్ణగా పేరున్న గోదావరి డెల్టా ఒకప్పుడు ఆకలి నేల. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. మన పెద్దలు దాన్నే డొక్కల కరువు అన్నారు. గుంటూరు సీమలో లక్షల మంది పోయారు. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న గోదావరి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. నది పక్కనే పారుతోంది, పొలం మాత్రం ఎండిపోయింది. ఆ పరిస్థితి చూసిన సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని పట్టుబట్టాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది.

ఆ కాలంలోనే క్రైస్తవ మిషనరీలు కూడా ఈ సీమకు వచ్చారు. ఇంగ్లండు నుంచి 1836లో వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం ప్రాంతంలో స్థిరపడ్డాయి. అదే గోదావరి డెల్టా మిషన్. రాజమండ్రిలో 1840లలో జర్మన్ లూథరన్లు మొదలుపెట్టిన పని తర్వాత అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. ఎగువన దుమ్ముగూడెంలో, గోదావరిపై పడవ మార్గం పనులు చూసిన ఇంజనీరు హేగ్ ప్రోద్బలంతో, 1860 ప్రాంతంలో కోయల కోసం చర్చి మిషనరీ సొసైటీ వారి మిషన్ ఏర్పడింది. అక్కడ చాలా ఏళ్లు పనిచేసిన జాన్ కెయిన్ మన కోయల ఆచారాలను, మాటలను రాసిపెట్టాడు. ఆయన రాతల్లో బయటివాడి చూపు ఉంది, దాన్ని మనం సరిచూసుకుంటూ చదవాలి. అయినా ఆ కాలపు మన జీవితం గురించి కాగితం మీద మిగిలిన కొద్దిపాటి సాక్ష్యాల్లో అదొకటి.

అసలు పరీక్ష 1876-78లో వచ్చింది. అది ధాత కరువు. దక్షిణ భారతంలో 50 లక్షల మందికి పైగా చనిపోయారు. ఆనకట్ట నీళ్లు ఉన్నందువల్ల గోదావరి డెల్టా నిలబడింది, ఇక్కడి బియ్యం బయటి సీమలకు వెళ్లింది. కానీ కాలువ లేని చోట బతుకు ఘోరంగా ఉండేది. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మగ కూలీకి రోజు కూలి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల తిండిగింజలు, దానిపై ఒక అణా అని తగ్గించాడు. రోజంతా మట్టి తవ్వే మనిషికి ఈ తిండి చాలదని కార్నిష్ అనే డాక్టరు వాదించాడు. చివరికి కూలి కొంత పెంచక తప్పలేదు.

అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. భూమి సర్వే పని తెలిసినవాడు. మద్రాసు వైపు నుంచి మన కాకినాడ కాలువల దాకా పడవ దారిని కలిపే బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే పనిని ఆయన కాంట్రాక్టు తీసుకున్నాడు. ప్రభుత్వ శిబిరాల్లో మేస్త్రీల వేధింపు పడలేని పేదలు ఆ పనికి వేల సంఖ్యలో వచ్చారు. వారిలో ఎక్కువ మంది మాదిగలు. పని చేశారు, కూలి తీసుకున్నారు, బతికారు.

యువకులు ముఖ్యంగా గమనించవలసింది ఇక్కడే. ఆ శిబిరాల్లో చాలా మంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. సహాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం చేరారనే మాట రాకూడదనుకున్నాడు. సహాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువులో పొందిన మేలు వారి మనసుల మీద పనిచేయలేదని ఎవరూ అనలేరు. ఆ చర్చ నేటికీ ఉంది. కానీ గంజి ముంతకూ మతానికీ మధ్య గీత ఉండాలని ఆ మిషనరీయే గుర్తించాడన్నది నిజం.

మరి కొండల మీద సంగతి? మన వాళ్లు ఆకలిని ఎదుర్కొన్నది అడవితోనే. ఇప్పపువ్వు, అడవి దుంపలు, మామిడి టెంక జీడి, చింతగింజలు, జీలుగు మాను గుజ్జు కాచిన జావ మనల్ని కాపాడాయి. పాపికొండల కొండరెడ్ల మధ్య 1941లో తిరిగిన హైమన్‌డార్ఫ్ ఈ జీలుగు చెట్టు వారికి ఎంత ఆధారమో రాశాడు. ఎండాకాలంలో జీలుగు కల్లు వారికి తిండి కిందే లెక్క. అలాంటి కల్లు మీద చిగురుపన్ను వేసి, పైగా ఆ హక్కును బయటి కాంట్రాక్టర్లకు అప్పగించడం, షావుకార్లు కోర్టు డిక్రీలతో పశువులను తోలుకుపోవడం కలిసి 1879 మార్చిలో రంప ఫితూరీ అయింది. అది భద్రాచలం, గొలుగొండ దాకా పాకింది. ఒక చేత్తో తిండి లాక్కుని మరో చేత్తో దానం చేస్తే కడుపు నిండదని మన పూర్వీకులు ఆ రోజే చెప్పారు.

ఆకలి, పోరాటం మళ్లీ కలిసి వచ్చింది మన కళ్ల ముందే. 2005 తర్వాత సల్వాజుడుం వల్ల దంతెవాడ వైపు నుంచి వేలాది గుత్తికోయలు సరిహద్దు దాటి మన అడవుల్లోకి వచ్చారు. రేషన్ కార్డు లేదు, కుల ధ్రువపత్రం లేదు. 2011 జూలైలో సుప్రీంకోర్టు సల్వాజుడుం పద్ధతి చెల్లదని తీర్పు ఇచ్చింది. కానీ వచ్చినవారికి పొయ్యి వెలిగించుకునే హక్కు ఆ తీర్పుతో దానంతట అదే రాలేదు.

ప్రపంచం కూడా ఈ పాఠం నేర్చుకుంది. 1994లో రెడ్‌క్రాస్‌తో పాటు కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ చర్చిల మండలి వంటి సంస్థలు కలిసి ఒక నియమావళి ఒప్పుకున్నాయి. అవసరాన్ని బట్టే సాయం చేయాలి, జాతి, మతం చూడకూడదు, సాయాన్ని మత ప్రచారానికో రాజకీయానికో వాడుకోకూడదు అన్నది అందులో ఉంది. మన దేశంలో 1947లో విభజన కాందిశీకుల కోసం పుట్టిన చర్చిల సహాయ సంస్థ కాసా, 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఆంధ్ర తీరంలో తుపాను రక్షణ భవనాలు కట్టింది. ఉప్పెన వచ్చినప్పుడు ఆ కప్పు కిందకు ఏ దేవుణ్ని కొలిచేవాడైనా పరుగెత్తవచ్చు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు. మళ్లీ వస్తుంది. అందుకే మీకు మా మాట ఇది. సాయం ఎవరిచ్చినా మర్యాదగా తీసుకోండి, ఇచ్చిన చేతిని గుర్తుంచుకోండి. ఎవరైనా మూటతో పాటు షరతు పెడితే ఆ షరతు తప్పని మొహం మీదే చెప్పండి. మనం పంచే రోజున కూడా అదే నియమం పాటించాలి. జాబితాలో ముందు ఒంటరి ముసలమ్మ, బాలింత, కార్డు లేని గుత్తికోయ ఇల్లు ఉండాలి. ఆ ఇంట్లో ఏ ప్రార్థన జరుగుతుందో మనకు అక్కర్లేదు.

సాయం నాలుగు రోజులకు. భూమి, అడవి తరాలకు. 1/70 చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, ఆహార భద్రత చట్టం చదివి తెలుసుకోండి. మన పట్టా మన చేతిలో, మన రేషన్ మన డిపోలో ఉంటే ఎవరి మూట కోసమూ తల వంచనక్కర్లేదు. మీ ఊళ్లో పెద్దవాళ్లు బతికి ఉండగానే కరువు కాలపు కబుర్లు అడిగి రాసి పెట్టండి. వచ్చే సంచికలో అవి మీ పేర్లతో రావాలని మా కోరిక.