కూరుపంది మరల అడవి చేరిన వైనము

జంతుప్రదర్శనశాలకు పోయిన వారెవ్వరైనను ముందు కోతుల బోను చెంతనే గుమిగూడుదురు. కూరుపంది యెదుట నిలుచువారు అరుదు. అది పగలెల్ల పొదచాటున దాగియుండి, చీకటి పడిన పిమ్మటగాని వెలికి రాదు. అయినను బోనులలో పెంచబడిన చిన్నప్రాణుల చరిత్రలో, మన దక్కను అడవులకు సంబంధించినంతవరకు, దీని వృత్తాంతమే ముందు చెప్పదగినదని మా అభిప్రాయము.

పేరున పంది యున్నను ఇది పంది కాదు. మూషికజింక యని వాడుకలోనికి వచ్చినను నిక్కమైన జింకయు కాదు. ఎత్తు సుమారు అడుగు, బరువు సుమారు 3 కిలోగ్రాములు. కొమ్ములు లేవు; మగదానికి పైకోరలు కొంచెము పొడుగు. నెమరు వేయును గాని, ఆవునకు వలె నాలుగు గదుల పొట్ట దీనికి పూర్తిగా ఏర్పడలేదు. నెమరువేయు జాతులలో మిక్కిలి ప్రాచీనమైన శాఖ యిది. మన పల్లెవారు పంది యనుట ఒట్టి పొరపాటు కాదని తోచుచున్నది.

హైదరాబాదున జంతువులు తొలుత బాగే ఆమ్ తోటలో నుండెడివి. 1959లో స్థాపితమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో మీరాలం చెరువు చెంత ప్రజలకు తెరువబడినది. అక్కడనే 2010లో సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ పరిశోధనశాలయు, జంతుశాలవారును కలసి కూరుపందుల సంతతిని వృద్ధి చేయ పూనుకొనిరి. ఈ మృగము పిరికిది. పట్టుకొని పరీక్షించుటయే దానికి ప్రాణభయము. అందుచే పేడలోని హార్మోనులను కొలిచి, చూలు నిలిచినదో లేదో తెలిసికొనిరి. చూలు ఐదు నెలలు. ఈతకు సాధారణముగ ఒక్కటే పిల్ల. అయితే ఈనిన కొలదికాలమునకే తల్లి మరల ఎదకు వచ్చును. ఈ గుణమే కలిసివచ్చి, కొద్దిపాటి జంతువులతో మొదలైన మంద కొన్నియేండ్లలో 200 దాటినది.

మంద పెరుగుట ఒక యెత్తు, అది అడవిలో బ్రతుకుట మరియొక యెత్తు. బ్రెజిలు దేశమున 1984 నుండి, జంతుశాలలలో పుట్టిన బంగారు సింహ టామరిన్లను, అనగా ఉడుతంత కోతులను, అడవికి పంపిరి. తొలుత పంపినవానిలో పెక్కు మేత వెదకుకొన నేరక చచ్చినవి. పళ్లెములో పండు దొరకునని నేర్చిన ప్రాణికి కొమ్మపై పండు ఎట్లు తెలియును? తరువాత పంపినవానికి అడవిలోను కొంతకాలము మేత నిచ్చి కనిపెట్టవలసివచ్చెను. కూరుపంది ఒంటరి జీవి గనుక గుంపు నేర్పు విద్యలు దీనికి అంతగా పనిలేదు గాని, చిరుతభయము మాత్రము తప్పదు.

ఆ జాగ్రత్తతోనే, 2017లో అమ్రాబాదు పులుల అభయారణ్యమునకు తెచ్చినవానిని ముందు అడవిలోనే కంచెలోపల ఉంచి, పిదప విడిచిరి. ఆ పీఠభూమి ఒకనాడు నిజాముల వేటపట్టు, నేటికిని చెంచుల నివాసము. ఈ యడవి ఇప్పుడు నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో వ్యాపించియున్నది. వేసవిలో అచ్చట రాలిన ఆకులకు నిప్పంటుకొన్నచో, కూరుపంది దాగు పొదలే ముందు కాలును. అందుచే ఎండలు ముదురకమునుపే అటవీశాఖవారు నేలపై ఆకును ఊడ్చి, కార్చిచ్చు దాటకుండ బాటలు తీయుదురు.